బరువు, భారము, పాపము: క్రైస్తవ ఆహారనియమ సాహిత్యంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 3:19 మీద నేను చేసిన ఒక ప్రసంగంతో ఈ వ్యాసాన్ని మొదలుపెట్టవలసి ఉంది. అది శ్రమకాలంలో మూడో ఆదివారం. కడుపును దేవుడుగా చేసుకొన్నవారిని గూర్చి అపొస్తలుడు చెప్పిన మాటను ఆధారం చేసుకొని తిండి, శరీరం, ఆశానిగ్రహం అని మూడు తలంపులుగా బోధించాను. మూడో తలంపులో, నేటి విశ్వాసుల శరీరాలను చూస్తేనే వారి ఉపవాసాలు ఎంత నిజమో తెలిసిపోతుందని అన్నాను. సంఘం నవ్వింది. ఆరాధన ముగిసి గుమ్మం దగ్గర నిలబడి అందరికీ వందనాలు చెబుతుండగా ఒక సహోదరి వచ్చి, “నేను ఒక్క పూటే తింటున్నానండీ అయ్యగారూ” అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది. ఆ తరువాత మూడు నెలలు ఆమె ప్రభువు బల్లలో పాలుపొందలేదు.

ఆమె ఇంటి సంగతులు నాకు తరువాత తెలిశాయి, అదీ మా ఇంటి అమ్మగారి ద్వారా. భర్త రొయ్యల చెరువులో నష్టపోయాడు. అప్పులవాళ్లు వాకిట్లో కూర్చుంటున్నారు. అత్తగారు పక్షవాతంతో మంచం మీద ఉంది. రాత్రి రెండు గంటల వరకు ఆ పెద్దావిడకు పక్క మార్చడం, శుభ్రం చేయడం ఈమె పనే. పగలు తినబుద్ధి కాదు. అందరూ పడుకొన్నాక వంటింట్లో నిలబడి మిగిలిన అన్నం, పిల్లల కోసం తెచ్చిన బిస్కెట్లు తింటుంది. ఆమె చెప్పిన ఒక్క పూట అదే. రెండేళ్లలో ఆమె బాగా ఒళ్లు చేసింది. నేను చూసింది ఒంటిని మాత్రమే.

ఆ ప్రసంగానికి సామగ్రి నాకు ఎక్కడి నుండి వచ్చింది అనే ప్రశ్న ఆ మూడు నెలల్లో నన్ను వదలలేదు. మూల వాక్యం నుండి రాలేదు. గ్రీకు నిబంధన తెరిచి చూసిన గుర్తు లేదు. అమెరికాలో గత శతాబ్దపు రెండో సగంలో పుట్టిన ఒక తరహా భక్తి సాహిత్యం నుండి, దాన్ని చదివినవారి ప్రసంగాల నుండి, ఆ ప్రసంగాలను విన్న నావంటి వారి నోటి నుండి అది వచ్చింది. ఆ సాహిత్యాన్ని వాక్యపు వెలుగులోను, శరీరాన్ని గూర్చి ఈ రోజు తెలిసిన సంగతుల వెలుగులోను పరిశీలించడమే ఇక్కడ నా ఉద్దేశం.

ఒక సాహిత్య ప్రవాహం

1957లో ప్రెస్బిటేరియన్ సేవకుడు చార్లీ షెడ్ ‘ప్రే యువర్ వెయిట్ అవే’ అనే పుస్తకం ప్రచురించాడు. ప్రార్థన ద్వారా బరువు పోగొట్టుకొనుట అని దాని భావం. తాను చాలా బరువు తగ్గిన అనుభవంతో వ్రాసిన ఆ పుస్తకంలోని ప్రధాన వాదం సూటిగా ఉంటుంది: అధిక బరువు పాపం, కాబట్టి దానికి మందు పశ్చాత్తాపం. ఇతర పాపాలకు తూకం లేదు గాని దీనికి ఉంది అన్న ధోరణి ఆయనది. 1960లో డెబొరా పియర్స్ పుస్తకం, 1970లలో మరికొన్ని అదే దారిలో వచ్చాయి. ఈ చరిత్రను అమెరికన్ చరిత్రకారిణి మేరీ గ్రిఫిత్ 2004లో వెలువరించిన ‘బార్న్ అగైన్ బాడీస్’ అనే గ్రంథంలో వివరంగా పరిశోధించారు. సన్నని శరీరమే రక్షణకు కనబడే గురుతు అన్న భావం ప్రొటెస్టెంటు భక్తిలోకి ఎలా ప్రవేశించిందో తెలుసుకోగోరే విద్యార్థులు ఆ గ్రంథాన్ని తప్పక చదవాలి.

వీటన్నిటిలో ఎక్కువ ప్రభావం చూపింది గ్వెన్ షాంబ్లిన్. ఆమె ఆహారశాస్త్రం చదువుకొన్న వ్యక్తి. 1986లో తరగతులు ప్రారంభించి, 1997లో ‘ది వెయ్ డౌన్ డైట్’ ప్రచురించింది. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. కడుపు ఆకలి వేరు, తల ఆకలి వేరు అని ఆమె బోధ. తల ఆకలిని దేవుని వైపు మళ్లించాలి, కడుపు నిజంగా ఆకలిగొన్నప్పుడే తినాలి, చాలు అనిపించగానే ఆపాలి. ఇందులో మంచి లేకపోలేదు. కేలరీల పట్టికల బానిసత్వం నుండి, ఈ పదార్థం పవిత్రం ఆ పదార్థం అపవిత్రం అనే విభజన నుండి ఆమె చాలామందిని విడిపించింది. అయితే ఆమె వాదంలో మనిషి ఆకలికి, తిండికి మధ్య నిలిచేది ఒక్కటే: విధేయత. తగ్గనివాడు విధేయుడు కాడు. నిద్రలేమికి, దుఃఖానికి, మందులకు, పేదరికానికి ఆ చిత్రంలో చోటు చాలా తక్కువ. 1999లో ఆమె టెన్నెసీ రాష్ట్రంలో సొంత సంఘాన్ని స్థాపించింది. 2000లో త్రిత్వ సిద్ధాంతాన్ని నిరాకరిస్తూ ప్రకటన చేయగా, రావలసిన ఆమె పుస్తకాన్ని ప్రచురణకర్తలు రద్దు చేశారు. 2021లో విమాన ప్రమాదంలో ఆమె మరణించింది. త్రిత్వం విషయంలో ఆమెను వెంటనే పట్టుకొన్న సువార్తిక సంఘాలు, మనిషిని గూర్చిన ఆమె సిద్ధాంతంలోని లోపాన్ని అంతకు ముందు పద్నాలుగేళ్లు గమనించలేదు. ఇది నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. విధేయతను శరీరపు కొలతతో తూచే బోధ, కృపను గూర్చిన బోధ మీద ఎక్కడో ఒకచోట దెబ్బ కొట్టక మానదు.

రిక్ వారెన్, మరి ఇద్దరు వైద్యులు కలిసి 2013లో ప్రచురించిన ‘ది డేనియల్ ప్లాన్’ వీటికంటె మెరుగైనది. అది బరువును ఒంటరి విశ్వాసి మీద వదిలివేయదు. స్నేహితుల సహవాసాన్ని, మనస్సు స్థితిని, నిద్రను కూడా లెక్కలోకి తీసుకొంటుంది. దాని పేరుతోనే నాకు చిక్కు. అక్కడికే వస్తాను.

దానియేలు లావయ్యాడా?

ఇప్పుడు మన ప్రాంతాల్లో కూడా ఇరవైయొక్క దినాల దానియేలు ఉపవాసాలు జరుగుతున్నాయి. కరపత్రాల్లో ఆత్మీయ మేలుతో బాటు బరువు తగ్గుట అనే మేలు కూడా వ్రాస్తున్నారు. దానియేలు 1:15 తెలుగు అనువాదంలో ఆ యౌవనుల ముఖ సౌందర్యం, కళ మాత్రమే కనబడతాయి. హెబ్రీ మూలంలో ఉన్న మాట ‘బెరీయే బాసార్’. మాంసం పట్టినవారు అని అర్థం. ఆదికాండము 41:2లో ఫరో కలలో నదిలో నుండి వచ్చిన బలిసిన ఆవులకు వాడిన మాట ఇదే. న్యాయాధిపతులు 3:17లో మోయాబు రాజైన ఎగ్లోను స్థూలకాయాన్ని వర్ణించే విశేషణం కూడా ఈ ‘బారీ’ అనేదే. అంటే పది దినాలు శాకధాన్యాలు తిని నీళ్లు త్రాగిన నలుగురు యౌవనులు రాజు భోజనం తిన్నవారికంటె కండపట్టి కనబడ్డారు. నపుంసకుల అధిపతి భయపడింది కూడా అందుకే. పిల్లలు చిక్కిపోతే రాజు తన తల తీస్తాడని అతడి భయం. ఆ కథలోని అద్భుతం చిక్కకపోవడం. దాన్ని చిక్కిపోయే పథకానికి పేరుగా పెట్టుకొన్నాం!

ఇంకొక సంగతి. దానియేలు 10:3లో వృద్ధుడైన ఆ ప్రవక్త మూడు వారాలు రుచికరమైన ఆహారాన్ని, మాంసాన్ని, ద్రాక్షారసాన్ని మానుకొన్నాడని ఉంది. మానుకొన్నాడంటే మిగిలిన దినాల్లో తింటున్నాడనే కదా. మొదటి అధ్యాయంలో అతడు నిరాకరించింది కొవ్వును గాదు, అపవిత్రతను. పదో అధ్యాయంలో అతడు చేసింది పథ్యం గాదు, దుఃఖించడం.

ఇక నేను ప్రసంగించిన ఫిలిప్పీ 3:19. కడుపును (గ్రీకులో ‘కొయిలియా’) దేవుడుగా చేసుకొన్న ఈ మనుష్యులు ఎవరన్నది వ్యాఖ్యాతల మధ్య తెగని వివాదం. భోగలాలసులని కొందరు, ఆహార నియమాలనే భక్తిగా బోధించే యూదా మతవాదులని కొందరు. ఆ అధ్యాయం ఆరంభంలో పౌలు హెచ్చరించింది ఈ రెండో గుంపును గూర్చే గనుక, వారి వాదాన్ని తేలికగా తీసివేయలేము. వారు చెప్పేదే నిజమైతే, ఏమి తినాలి ఏమి తినకూడదు అని నిరంతరం కడుపు చుట్టూ తిరిగే బోధకుడికే ఆ వచనం తగులుతుంది. ఏ వ్యాఖ్యానం తీసుకొన్నా ఆ వచనంలో శరీరపు బరువు అన్న ప్రస్తావన లేదు. 1 కొరింథీయులకు 6:19 విషయంలోనూ అంతే. శరీరం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు అక్కడ చెప్పింది జారత్వాన్ని గూర్చి. దాన్ని ఆరోగ్యానికి అన్వయించడం తప్పు కాదు గాని, నడుము కొలతకు అన్వయించి ఒకరిని సంఘంలో తలదించుకొనేలా చేయడానికి ఆ సందర్భం ఒప్పుకోదు.

తిండిపోతుతనం పాపం కాదని నేను అనడం లేదు. సామెతలు 23:20-21 ఉంది. ద్వితీయోపదేశకాండము 21:20లో తిరుగుబాటు చేసే కుమారుని మీద మోపబడిన నేరాల్లో అది ఒకటి. అయితే ఆ నేరాన్ని సువార్తల్లో ఎవరి మీద మోపారో మరువకూడదు. మత్తయి 11:19లో తిండిపోతు అనిపించుకొన్నది మన ప్రభువే. ఆయన ఎవరితో కూర్చుండి భోజనం చేస్తున్నాడో చూసి, ఎందుకు చేస్తున్నాడో తెలిసికొనక, వేసిన నింద అది. బయట నిలబడి పళ్లెం చూసి మనిషిని తేల్చడం ఎంత పాత అలవాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఒత్తిడి శరీరాన్ని ఏమి చేస్తుంది

‘ఒత్తిడి’ అనే మాటకు వైద్యశాస్త్రంలో నేటి అర్థం హాన్స్ సెల్యే అనే పరిశోధకుని పనితో స్థిరపడింది. 1936లో ఆయన ప్రచురించిన చిన్న నివేదికలో, వేర్వేరు బాధలకు గురైన ఎలుకల శరీరాలు ఒకే రకంగా స్పందిస్తున్నాయని చూపాడు. మూత్రపిండాల మీద టోపీలా కూర్చుండే అడ్రినల్ గ్రంథులు ఆ స్పందనలో ముఖ్య పాత్రధారులు. అవి విడుదల చేసే కార్టిజాల్ అనే హార్మోను ఆపదలో మేలు చేస్తుంది. రక్తంలోకి చక్కెర తెచ్చి, పారిపోవడానికో పోరాడడానికో శక్తినిస్తుంది. ఆపద గంటలో తీరిపోతే కార్టిజాల్ దిగిపోతుంది. అప్పులవాడు గంటలో పోడు. మంచం మీద ఉన్న అత్తగారి సేవ గంటలో తీరదు. కార్టిజాల్ నెలల తరబడి ఎక్కువగా ఉన్నప్పుడు ఇన్సులిన్‌తో కలిసి కొవ్వును పొట్ట లోపల చేరుస్తుంది. తీపి, నూనె పదార్థాల మీద కోరికను పెంచుతుంది. 2003లో మేరీ డాల్మన్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఎలుకల మీది ప్రయోగాల ఆధారంగా మరొక మాట చెప్పారు. అటువంటి తిండి మెదడులోని ఒత్తిడి వ్యవస్థను నిజంగానే కొంత శాంతింపజేస్తుంది. అంటే రాత్రి రెండు గంటలకు వంటింట్లో నిలబడి బిస్కెట్లు తినే ఆ సహోదరి, తన శరీరానికి దొరికిన ఒకే ఒక మందును వేసుకొంటున్నది. మందు చెడ్డదే కావచ్చు. అయినా దాన్ని తిరుగుబాటు అనడానికి ముందు కొంచెం ఆగాలి.

అయితే ఒత్తిడి అందరినీ లావు చేయదు. బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగులు పది వేలకు పైగా మందిని 1985 నుండి వెంబడించిన వైట్‌హాల్ అధ్యయనం ఈ విషయంలో విలువైనది. 2006లో దాని నుండి వెలువడిన ఒక పత్రం ప్రకారం, ఉద్యోగ ఒత్తిడికి గురైన పురుషుల్లో మొదటే సన్నగా ఉన్నవారు మరింత సన్నబడే అవకాశం, లావుగా ఉన్నవారు మరింత లావయ్యే అవకాశం కనబడ్డాయి. ఒకే భారం ఇద్దరిని రెండు దిక్కులకు నెట్టింది. కాబట్టి చిక్కిపోయిన విశ్వాసిని చూసి భక్తిపరుడని, ఒళ్లు చేసినవాణ్ణి చూసి భోగి అని అనుకొనే మన చూపుకు శాస్త్రంలో ఆధారం లేదు. మన పల్లెల్లో దీనికి తిరగబడిన చూపు కూడా ఉంది. కొత్త సంఘానికి బదిలీ అయిన అయ్యగారికి పొట్ట వస్తే దేవుడు దీవించాడంటారు, తగ్గితే ఆ సంఘంవాళ్లు సరిగా చూడడం లేదంటారు. రెండూ ఒకే తప్పు.

నిద్ర సంగతి వేరుగా చెప్పాలి. 2004లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్రపోనిచ్చి పరీక్షించారు. పది గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే, కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. పన్నెండు మంది చిన్న సంఖ్యే గనుక దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టను. అయినా 127వ కీర్తన రెండో వచనం చదివేటప్పుడు అది నాకు గుర్తుకు వస్తుంది. తెల్లవారకముందే లేచి, ప్రొద్దుపోయేవరకు మేలుకొని, కష్టంతో సంపాదించిన రొట్టె తినడం వ్యర్థమని, దేవుడు తన ప్రియులకు నిద్రనిస్తాడని కీర్తనకారుడు చెప్పే చోట నిద్రలేమి, ప్రయాసం, తిండి ఒకే వాక్యంలో పక్కపక్కన ఉన్నాయి. సర్వరాత్రి ప్రార్థనలు నెలకు నాలుగు పెట్టే మనం ఈ వచనం మీద ఎంత అరుదుగా ప్రసంగిస్తామో!

ఇక్కడ ఒక హెచ్చరిక. కార్టిజాల్ పేరు ఈ మధ్య సంఘాల్లో కూడా వినబడుతోంది, అదీ పొడుల డబ్బాలు అమ్మే విశ్వాసుల నోట. ఆరాధన తరువాత ఆవరణలోనే బరువు తూచి, సాక్ష్యం చెప్పించి, డబ్బా అంటగట్టడం నేను కళ్లారా చూశాను. పాపం అనే బోధ పోయి హార్మోను అనే బోధ వచ్చినంత మాత్రాన మనిషికి ఊరట దొరకదు. థైరాయిడ్ లోపం, ఉబ్బసానికీ కీళ్లకీ వాడే స్టిరాయిడ్లు, కొన్ని మానసిక రోగాల మందులు, ఇవన్నీ బరువు పెంచుతాయి. వాటిని తేల్చవలసినవాడు వైద్యుడు. మధుమేహానికి ఇన్సులిన్ గాని కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారిని వైద్యుని అడగకుండా దీర్ఘ ఉపవాసానికి కూర్చుండబెట్టే సేవకుడు, రక్తంలో చక్కెర పడిపోయి వారు ప్రాణాపాయంలో పడితే ఏమని జవాబు చెప్తాడు?

లేఖనంలో బాధపడినవారి పళ్లెం

ఒత్తిడికి, తిండికి ఉన్న సంబంధం లేఖనానికి తెలియనిది కాదు. 102వ కీర్తనలోని దరిద్రుడు ఆహారం తినడమే మరచిపోయాడు, అతని ఎముకలు చర్మానికి అంటుకొన్నాయి. హన్నా ఏడుస్తూ భోజనం మానివేసింది. భర్త ప్రేమగలవాడే గాని, పదిమంది కుమారులకంటె నేను ఎక్కువ కానా అని అడిగి ఆమె భోజనం సంగతి తన సంగతిగా మార్చుకొన్నాడు. ఏలీ ఆమె పెదవులు చూసి త్రాగినదనుకొన్నాడు. ఇక్కడ ఒక యాజకుడు శరీరం చూసి తీర్పు తీర్చాడు, తప్పాడు. ఆ ఏలీయే తరువాత స్థూలకాయుడై పడి మెడ విరిగి చనిపోయాడని 1 సమూయేలు 4:18 చెబుతుంది. అక్కడ ‘కావేద్’, అంటే బరువైనవాడు, అనే మాట ఉంది. దాన్ని చదివి ఏలీ మరణానికి తిండే కారణమన్న ప్రసంగం వినివున్నాను. ఏలీ ఇంటి పాపమేమిటో 2:29 చెబుతుంది: ప్రజల నైవేద్యాల్లోని శ్రేష్ఠభాగాలతో యాజకులు తమను తాము క్రొవ్వబెట్టుకొనడం, కుమారులను దేవునికంటె ఎక్కువగా ఘనపరచడం. బరువు అక్కడ దోచుకొన్న బలిమాంసానికి సాక్ష్యం.

ప్రవక్తలలో ఈ వరుస ఇంకా స్పష్టం. యిర్మీయా 5:28లో క్రొవ్వి మెరుస్తున్నవారు తండ్రిలేనివారి వ్యాజ్యెం తీర్చనివారు. ఆమోసు 6వ అధ్యాయంలో మంచాల మీద పండుకొని క్రొవ్విన దూడలను తినేవారి నేరం యోసేపు సంతతివారి నాశనానికి దుఃఖపడకపోవడం. యెహెజ్కేలు 34:3లో మందలోని క్రొవ్వినవాటిని తిని మందను మేపనివారు కాపరులు, అనగా మనం. పాత నిబంధన కొవ్వును నిందించే చోట్ల చాలా వరకు ఎవరి తిండి ఎవరు తిన్నారన్నదే విషయం. అదే పాత నిబంధన మరొకచోట క్రొవ్వును దీవెనగా చెబుతుంది. యెషయా 25:6లో యెహోవా సమస్త జనములకు చేసే విందు క్రొవ్విన పదార్థాల విందు. షెడ్ నుండి షాంబ్లిన్ వరకు ఈ సామాజిక స్వరం దాదాపు వినబడదు. వారి పాపి ఒంటరిగా తూకపు యంత్రం మీద నిలబడి ఉంటాడు.

ఏలీయా విషయం అందరికీ తెలిసినదే గాని క్రమం గమనించండి. 1 రాజులు 19లో అతడు చావు కోరుకొన్నాడు, పండుకొన్నాడు. దూత తట్టి లేపి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పము, నీళ్లు. తిని మళ్లీ పండుకొన్నాడు. దూత రెండోసారి తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పి. నలువది దినాల నడక. ఇక్కడ నీకేమి పని అన్న ప్రశ్న ఆ తరువాతనే వచ్చింది. (ఈ మధ్య ఏలీయాకు ఫలానా మానసిక రోగం ఉందని నిర్ధారణ చేసే పద్ధతి ఒకటి వచ్చింది. మూడు వేల ఏళ్ల దూరం నుండి రోగ నిర్ధారణ చేయడం నాకు సమ్మతం కాదు.) నిద్ర, తిండి, నడక, అటు తరువాత మాట. మనమైతే మాటతో మొదలుపెడతాం.

చింత పాపమా అన్నది మిగిలిన ప్రశ్న. మత్తయి 6:25లోను ఫిలిప్పీ 4:6లోను చింతపడవద్దన్న ఆజ్ఞ ఉంది. అందుకే ఒత్తిడి అవిశ్వాసమని, ఒత్తిడి వలన వచ్చిన బరువు రెండంతల అవిశ్వాసమని తర్కం సాగుతుంది. కాని మత్తయి 6లో ఆ మాట ఎవరికి చెప్పబడింది? రేపటి తిండి, బట్ట లేనివారికి. ఇక ‘మెరిమ్నా’ అనే ఆ గ్రీకు మాటనే పౌలు 2 కొరింథీయులకు 11:28లో తన విషయంలో వాడాడు. సంఘములన్నిటిని గూర్చిన భారం దినదినం తన మీద ఉందంటాడు. మన అనువాదంలోనూ అక్కడ ‘చింత’ అనే ఉంది. దాని ముందు వచనంలో నిద్రలేమి, ఆకలిదప్పులు, ఉపవాసాలు. ఫిలిప్పీ 2:20లో తిమోతిని మెచ్చుకొంటూ వాడిన క్రియ కూడా అదే మూలానిది. కాబట్టి ప్రతి చింతా అవిశ్వాసం కాదు. ఇతరుల భారం మోసేవాడికి అది తప్పదు. పక్షవాతపు అత్తగారిని చూసే కోడలి చింత ఈ రెండింటిలో ఏ రకమో నేను ఆ ఆదివారం అడగలేదు.

కరవులో పుట్టిన సంఘం

షెడ్ పుస్తకం యుద్ధం తరువాతి సమృద్ధిలో, మధ్యతరగతి అమెరికాలో పుట్టింది. తెలుగు సంఘపు చరిత్ర వేరు. 1876-78 కరవులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు తిండిలేని మాదిగ కుటుంబాలవారు. ఆ సంఘంలో అన్నం పెట్టడం సువార్తలో భాగంగానే వచ్చింది. నేటికీ మన స్త్రీల సమాజాలు ప్రేమవిందులో మరోసారి వడ్డించడం, అయ్యగారిని తినకుండా పంపకపోవడం ఆ జ్ఞాపకం నుండి వచ్చినవే. దీన్ని తిండి యావ అని కొట్టివేసే ప్రసంగానికి తాను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నదో తెలియదు.

ఆ ఆకలి శరీరంలో కూడా నిలిచి ఉండవచ్చు. పూణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తన ఫొటోను, తన బ్రిటిష్ సహచరుడి ఫొటోను పక్కపక్కన ప్రచురించారు. ఇద్దరి ఎత్తు బరువుల సూచిక ఒకటే, 22.3. కొవ్వు మాత్రం ఆయనలో 21.2 శాతం, ఆ సహచరుడిలో 9.1 శాతం. మన శిశువులు పుట్టినప్పుడు సన్నగా ఉన్నా కొవ్వు పాలు తగ్గదని, తల్లి గర్భంలోని పోషణకు దానితో సంబంధం ఉందని ఆయన పరిశోధనల సారం. సన్నగా కనబడే భారతీయుడు కూడా మధుమేహానికి దగ్గరగా ఉండడానికి ఇది ఒక కారణం. అందుకే మనవారికి అధిక బరువు హద్దును 25కు బదులు 23గా వైద్యులు సూచిస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో మూడో వంతుకు పైగా పాత హద్దుకే పైన ఉన్నారు. సమస్య నిజం. మన సంఘాల్లోనూ ఉంది. కాని దాన్ని కళ్లతో చూసి కనిపెట్టలేం, ప్రసంగపీఠం నుండి తగ్గించలేం.

సేవకులకు ఇది దూరపు సంగతి కాదు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు యునైటెడ్ మెథడిస్టు సేవకులను గూర్చి డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన పత్రంలో, 35 నుండి 64 ఏళ్ల సేవకుల్లో 39.7 శాతం స్థూలకాయులని, అది అదే రాష్ట్ర ప్రజలకంటె 10.3 శాతం ఎక్కువని తేలింది. మన దగ్గర అటువంటి లెక్క ఎవరైనా సెమినరీ విద్యార్థి తన సిద్ధాంత వ్యాసానికి తీసుకొంటే బాగుంటుంది. నా లెక్క నేను చెప్తాను. మందిర నిర్మాణం జరిగిన నాలుగేళ్లలో నేను 69 కిలోల నుండి 84కు వచ్చాను. ఇనుము ధర, మేస్త్రీ కూలి, కమిటీలో గొడవ, ఆదివారం మూడు ఆరాధనలు, ఇంటికొక టీ. పైన చెప్పిన ప్రసంగం చేసినప్పుడు నా బరువు 84. ఆ దినం సంఘం ఎందుకు నవ్విందో అందులో కొంత భాగం నాకు తరువాత అర్థమైంది.

ఆ సహోదరి ఇంటికి నేను, అమ్మగారు కలిసి వెళ్లాం. నేను క్షమాపణ చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, టీ పెట్టింది. బరువు ఊసెత్తకుండా, రాత్రి ఎన్ని గంటలకు పడుకొంటున్నావమ్మా అని మాత్రం అడిగాను. ఆ తరువాత స్త్రీల సమాజంవారు వారానికి మూడు రాత్రులు వంతులవారీగా ఆ పెద్దావిడ దగ్గర పడుకోవడానికి ఒప్పుకొన్నారు. అప్పు విషయంలో సంఘం చేయగలిగింది కొంచెమే. ఒక పెద్ద మధ్యలో కూర్చుండి వడ్డీ తగ్గించే మాట మాట్లాడాడు. ఆమెను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే థైరాయిడ్ లోపం కూడా బయటపడింది. ఆ తరువాత ఒక ఆదివారం ఆమె బల్ల దగ్గరకు వచ్చింది. ఆ పెద్దావిడ మరుసటి ఏడు సంక్రాంతి ముందు ప్రభువునందు నిద్రించింది. అప్పటి వరకు ఆ వంతులు ఒక్క రాత్రి కూడా తప్పలేదు.